బేగంపేటలో రాత్రి డ్యూటీ

సాయంత్రం బెలూను వదిలాను.
థర్మోకోల్ డబ్బా మెడకి కట్టుకుని
రన్‌వే దాటి, మెహదీపట్నం వైపు వాలిపోయింది,
బడి వదిలిన పిల్లలా వెనక్కి చూడకుండా.
అరచేతులకి తెల్లటి రబ్బరు పౌడరు.
ఇక తెల్లారేదాకా ఫోను నాది.

మొదటి ఫోను బండ్లగూడ ఫంక్షన్ హాలు, మోయిజుద్దీన్ సాబ్.
"ఎల్లుండి వలీమా మేడమ్, ఎనిమిది వందల మంది.
ఎక్కడ పుట్టిందో ఏమో, నా షామియానా మీదికే రావాల్నా?"

ఎక్కడ పుట్టిందో నాకు తెలుసు.
అండమాన్‌కి ఇవతల సముద్రం ఒళ్లు కాగింది,
దసరా ఎండకి మేడమీది ట్యాంకులో నీళ్లుంటాయే, అంత.
కాగిన నీళ్లు ఆవిరై లేచాయి.
మీ హాల్లో ఒకరు కుర్చీ లేస్తే
నలుగురు దానికేసి ఉరకరూ?
అట్లా ఉరికింది గాలి, నాలుగు దిక్కుల నుంచీ.
తిన్నగా వచ్చి కూర్చుంటే గొడవే లేదు.
కింద భూమి తిరుగుతోంది,
మన సగంలో ప్రతి గాలీ కాస్త కుడికి తూలుతుంది.
తూలిన గాలులన్నీ కలిసి ఒక గిరక,
గడియారానికి ఎదురు తిరిగే గిరక.
పైకి పోయిన ఆవిరి మబ్బై, దాచుకున్న వేడిని కక్కింది.
ఆ వేడి ఇంకొంత ఆవిరిని లాగింది.
సముద్రమే కట్టె, సముద్రమే పొయ్యి.

ఇవేవీ అనలేదు.
"షామియానా విప్పించండి సాబ్, లోపలే పెట్టుకోండి" అన్నాను.

తర్వాత ఉప్పల్ నుంచి ఒక పిల్ల. లౌక్యట, ఐదో తరగతట.
"ఆంటీ, టోర్నడో మా ఇంటికొస్తదా? వీడియోల ఆవు ఎగిరింది."
రాదమ్మా, అది వేరే తెగ.
తుపాను నీటి బిడ్డ, నేల తగిలితే సొలిగిపోతుంది.
అది నేల మీదే, ఉరుముల మబ్బు కడుపులోంచి దిగే తొండం.
కింద ఒక గాలి, పైన ఇంకో గాలి, దేని వేగం దానిది.
మధ్యలో గాలి చపాతీ కర్రలా దొర్లుతుంది.
ఉబికే వేడిగాలి ఆ కర్రని నిలువుగా లేపుతుంది.
అమెరికా మైదానాల్లో ఎక్కువ,
ఇటు బంగ్లాదేశ్‌లో, ఎప్పుడైనా బెంగాల్లో.
పరేడ్ గ్రౌండ్‌లో చెత్త కాగితాలు తిప్పే సుడిగాలి
దానికి చుట్టం కూడా కాదు.
పిల్లకి నిరాశ.
"మరి ఆవు?"
ఏం చెప్పాలో తెలియక, దిగిపోయుంటుందిలే అన్నాను.

యాకూబ్ అలీ చాయ్ తెచ్చాడు. ముప్పై ఏళ్లుగా బెలూన్ల దారం పట్టుకున్న చెయ్యి.
భూమధ్యరేఖ దగ్గర నీళ్లు ఇంకా కాగుతాయి కదా,
అక్కడ ఎందుకు పుట్టదు తుపాను, అని అడిగాడు.
అక్కడ తూలించే చెయ్యి లేదు యాకూబ్ భాయ్.
అట్లాంటిక్‌లో హరికేన్ అంటారు, జపాన్ వైపు టైఫూన్,
ఇంటిపేరే వేరు.
"పేరుతో ఏం పని, తడిపేది అందరినీ" అన్నాడు.

రెండుంబావుకి మళ్లీ మోగింది.
చాదర్‌ఘాట్, మూసీ ఒడ్డు. పేరు అండాలు.
వెనక రేకుల మీద వాన, ఆమె మాట సగమే వినబడుతోంది.
"టీవీల బలహీనపడ్డదన్నరు. మంచిదే గద మేడమ్?"

ఆ మాట టైపు చేసింది నేనే.
నిన్న మధ్యాహ్నం తీరం దాటింది, కన్ను మూసుకుంది,
తుపాను వాయుగుండమైంది. గాలి బలహీనపడింది, నిజమే.
మోసుకొచ్చిన నీళ్లు మాత్రం ఎక్కడో దించాలి కదా.
ఆ సంగతి బులెటిన్‌లో మిల్లీమీటర్లలో ఉంటుంది.

"బియ్యం మంచం మీద పెట్టిన. సాల్తదా?"
ఇంకా పైకి, అన్నాను.
కాసేపు వాన ఒక్కటే మాట్లాడింది.
"ఇంకా పైన రేకులే ఉన్నయి మేడమ్."

నాలుగున్నరకి తెల్లవారుజాము బెలూను.
యాకూబ్ గొడుగు పట్టాడు, బెలూనుకి, నాకు కాదు.
తడిసి బరువై, ఒకసారి కిందికి జారి, లేచింది.
పైన ఎంత చలో, ఎంత తేమో చెబుతుంది.
నేల సంగతి దానికి తెలియదు.
లోపలికొచ్చి టైము రాశాను.
చేతులు తుడుచుకుని, ఆఖరున వచ్చిన నంబరు నొక్కాను.
రింగవుతోంది.